మిషను కింద సంచి



మా దుకాణంలో మిషను పక్కన, నా ఎడమకాలి దగ్గర, ఎప్పుడూ ఒక గోనెసంచి ఉంటుంది. పాతికేళ్ళ పైబడి జాకెట్లు కుడుతున్నాను. దుకాణం రెండు వీధులు మారింది, మిషను మూడోది వచ్చింది, సంచి మాత్రం ఆ చోటు వదల్లేదు. కుడిచేతిలో కత్తెర ఆడుతుండగానే ఎడమచెయ్యి ముక్కను కిందికి తోసేస్తుంది. అటు చూడనైనా చూడను. అది సంచిలోనే పడుతుంది.

జాకెట్టు గుడ్డ మామూలుగా 80 సెంటీమీటర్లు. కాస్త ఒళ్ళున్న మనిషైతే మీటరు. అందులో వీపు, ముందు భాగాలు రెండు, చేతులు రెండు, నడుం పట్టీ, హుక్కుల పట్టీ, కాజాల పట్టీ తీశాక ఏం మిగులుతుంది? మెడ దగ్గర కోసిన అర్ధచంద్రం. చంకల దగ్గర కోసిన నెలవంకలు. చేతుల పక్కన సన్నటి చీలికలు. క్రాస్ కటింగైతే మూలల్లో త్రికోణాలు. ఒక్కటీ తిన్నగా ఉండదు. కానీ అన్నీ కొత్త గుడ్డలు, ఇంకా గంజి వదలనివి. మంగళగిరి నూలు పక్కన పోచంపల్లి, దాని మీద ఎవరి పెళ్ళి జాకెట్టుదో పట్టుముక్క, దాని మీద బడిపిల్ల యూనిఫారం గళ్ళగుడ్డ. సంచి బోర్లిస్తే గడిచిన మూడు నెలల్లో మా ఊళ్ళో జరిగిన శుభకార్యాలన్నీ నేలమీద పడతాయి.

మా వృత్తిలో ఉన్నవాళ్ళ మీద ఒక నింద ఉంది, మీకూ తెలిసే ఉంటుంది. గుడ్డ మిగుల్చుకుంటారని. "మీటరు ఇచ్చానమ్మా, అంతా పట్టిందా?" అని అడగని మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు. అందుకని దుకాణం పెట్టిన మొదట్లోనే ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. అరచేతికంటే పెద్ద ముక్క మిగిలితే జాకెట్టు మడతలో పెట్టి తిరిగిచ్చేస్తాను. అరచేతిలోపు అయితే సంచిది. ఆ సంచిని కొన్నాళ్ళకోసారి మెకానిక్కు షెడ్డు కుర్రాడు వచ్చి, నూనె తుడుచుకోడానికని పట్టుకుపోయేవాడు. నేను బొంతలు మొదలుపెట్టాక వాడికి సంచి మొత్తం ఇవ్వడం మానేశాను. వాడికి కోపం వచ్చింది కూడా.

బొంత అనే మాట ఇప్పటి పిల్లలు ఎక్కడ వింటున్నారంటే, వార్తల్లో. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే అవతలివాళ్ళు అనే మొదటి మాట, "అది అతుకుల బొంత" అని. ఇవ్వాళో రేపో ఊడిపోతుందని వాళ్ళ ఉద్దేశం. ఆ మాట అనేవాళ్ళు బొంత కుట్టి ఎరగరు, బహుశా కప్పుకుని కూడా ఎరగరు. అతుకు దగ్గర గుడ్డ రెండు పొరలు అవుతుంది. లోపలికి మడిచిన అంచులు రెండూ అక్కడ చేరతాయి, కుట్టు వాటిని పట్టుకుంటుంది. నా దగ్గరికి బాగుచేయడానికి వచ్చిన పాతబొంతల్లో చాలామటుకు ముక్క నడిమధ్యన చిరిగినవే. అతుకు అతుకులాగే ఉంటుంది, పక్కన గుడ్డ జల్లెడైపోయి ఉంటుంది. మాసిక వేయాల్సింది ఎప్పుడూ ముక్కకే.

మా నాయనమ్మ బొంతలో అతుకులు ఎక్కువ ఉండేవి కావు. ఆ రోజుల్లో ఊళ్ళో జాకెట్లు తక్కువ, మిగిలే ముక్కలు ఇంకా తక్కువ. ఉన్నవి చీరలు, పంచెలు. చీర కట్టీ కట్టీ నడుం దగ్గరా మడమల దగ్గరా పల్చబడితే, మంచి భాగం కోసి లంగాలోకో ఓణీలోకో వాడేవాళ్ళు. అది కూడా పాడైతే పసిపిల్లల కిందికి పొత్తిళ్ళ గుడ్డ. పురుడు వెళ్ళేదాకా బిడ్డ ఒంటికి కొత్త బట్ట తగలనివ్వరు మా వైపు. ఆచారమని చెప్పేవాళ్ళు కానీ, గంజి పెట్టిన కొత్తగుడ్డ ఆ లేతచర్మానికి గీసుకుపోతుందని ఆ పెద్దవాళ్ళకు తెలియక కాదు. పొత్తిళ్ళకు కూడా సరిపోనివి దీపం వత్తులకూ అంట్లగిన్నెలు దించుకునే మసిగుడ్డలకూ పోయేవి. మధ్యలో ఎక్కడో, చీర ఇంకా చీరలా ఉంటూనే కట్టుకోడానికి పనికిరాని దశ ఒకటి ఉంటుంది చూడండీ, ఆ దశలో దాన్ని బొంతకని పెట్టెలో దాచేవాళ్ళు.

సంక్రాంతి ముందు, కోతలైపోయాక, బొంతలు కుట్టే ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. ముగ్గురో నలుగురో కలిసి, చంకన పిల్లాణ్ణి వేసుకుని. "పాత చీరలుంటే ఇవ్వండి తల్లీ, బొంత కుడతాం" అని వీధి చివరినుంచే కేక. నాయనమ్మ అరుగు మీద కూచుని బేరమాడేది. కూలి డబ్బులు ఇంత, మధ్యాహ్నం అన్నం, పోయేటప్పుడు శేరు బియ్యం. బేరం కుదిరాక పెట్టె తెరిచేది. అప్పుడు వాకిట్లో చాప పరిచి, కింద నాన్న పాత పంచె రెండు బరలు కలిపి, దాని మీద చీర, చీర మీద ఇంకో చీర, అన్నిటికన్నా పైన కాస్త రంగున్న చీర. నాలుగు మూలల మీదా నాలుగు పీటలు బోర్లించేవాళ్ళు, గాలికి కదలకుండా. వాళ్ళలో పెద్దామె గుడ్డ మీద అరచేయి పెట్టి మధ్యనుంచి అంచుకు తోసుకుంటూ పోయేది, ఒక్క ముడత లేకుండా. తర్వాత అందరూ తలో అంచున కూచునేవాళ్ళు.

కుట్టు అంచునుంచి మొదలవుతుంది. అంచు చుట్టూ ఒక వరస, దాని లోపల వేలెడు ఎడంలో ఇంకో వరస, దాని లోపల ఇంకోటి. అలా చదరం లోపల చదరం, చివరకు నడిమధ్యకు వచ్చేసరికి గడపంత చోటు మిగులుతుంది. ఒక్కో పోగు వడ్లగింజంత. పైన ఎంత కనపడుతుందో కిందా అంతే కనపడాలి. నేను పక్కన కూచుని సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. దారాన్ని మైనం ముద్దమీద ఒకసారి లాగి ఇమ్మనేవాళ్ళు, పీచు లేవకుండా. సాయంత్రానికి వాళ్ళ చూపుడువేలు మీద సూది గుచ్చిన నల్లచుక్కలు. వేలికి గుడ్డపేలిక చుట్టుకునేవాళ్ళు, అంతే రక్షణ. మిషను పక్కన ఇంతకాలం బతికిన దాన్ని చెబుతున్నాను, ఆ వరసలంత తిన్నగా నేను సుద్దగీత లేకుండా ఇప్పటికీ కుట్టలేను.

బొంతకూ మిగతావాటికీ తేడా ఇక్కడే. పరుపుకు దూది కావాలి, దాన్ని ఏకడానికి దూదేకులవాళ్ళు విల్లు పట్టుకుని రావాలి. గొంగడికి గొర్రె కావాలి, ఉన్ని వడికేవాళ్ళు, నేసేవాళ్ళు కావాలి. రజాయికి దూదీ కావాలి, డబ్బూ కావాలి. బొంతకు బయటినుంచి వచ్చేది సూదీ దారమే. నింపడానికి లోపల ఏమీ లేదు. మూడు నాలుగు పల్చటి పొరల మధ్య చిక్కుకున్న గాలి ఉంది చూశారూ, వెచ్చదనం దానిదే. దగ్గర దగ్గరగా కుట్టిన వరసలు ఆ గాలిని చిన్న చిన్న గదుల్లో పెట్టినట్టు పెడతాయి, గుడ్డ జారి ఒకమూల పోగుపడకుండా చూస్తాయి. ఎండాకాలం అదే బొంత నులకమంచం మీద పరిస్తే చెమట పీల్చుకుంటుంది. నా మటుకు నాకు ఇంత తక్కువ సరంజామాతో ఇంత పనిచేసే వస్తువు ఇంట్లో రోలూ రోకలీ తప్ప ఇంకోటి కనపడదు.

"గంతకు తగ్గ బొంత" అని ఒక సామెత. ఈడూ జోడూ కుదిరిన ఇద్దర్ని చూసి కాస్త వెటకారంగా అంటారు. బరువు మోసే పశువు వీపున వేసే గంతకు తోడుగా బొంత వేస్తారన్నమాట. పశువనగానే నాకు గంగిరెద్దు గుర్తొస్తుంది. మీలో చాలామంది సంక్రాంతి రోజుల్లో గంగిరెద్దును చూసే ఉంటారు. మూపురం మీదా వీపు మీదా కప్పిన ఆ రంగురంగుల బొంతను ఎప్పుడైనా దగ్గరికెళ్ళి పరీక్షగా చూశారా? అద్దాలు, గవ్వలు, ముక్కల మీద ముక్కలు. వాకిలి వాకిలికీ అడిగి తెచ్చుకున్న పాతబట్టలు దాంట్లో కలుస్తాయి. మా అమ్మ ఇచ్చిన ఆకుపచ్చ చీర చెంగును మరుసటేడు ఎద్దు వీపు మీద చూసి, "అదుగో నా చీర తలాడిస్తోంది" అని నవ్వింది.

ముక్కలు కలిపి కుట్టడం పేదతనం పని అని మనకు ఒక అభిప్రాయం. పేదతనం నిజమే, కాదనను. కానీ దాన్ని కావాలని ఎంచుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. బౌద్ధుల వినయపిటకంలో ఒక ముచ్చట ఉంది. బుద్ధుడు మగధలో దక్షిణగిరి వైపు నడుస్తూ వరిమళ్ళను చూశాడు. చదరంగా మడులు, నిలువు గట్లు, అడ్డగట్లు, గట్లు కలిసే కూడళ్ళు. పక్కనున్న శిష్యుడు ఆనందుణ్ణి అడిగాడు, భిక్షువుల కట్టుబట్ట, అంటే చీవరం, ఇలా కుట్టగలవా అని. ఆనందుడు గుడ్డను ముక్కలుగా కోసి, గట్లలాంటి పట్టీలతో కలిపి కుట్టి చూపించాడు. కోసి కుట్టిన బట్ట సన్యాసికి తగినదనీ, దాని మీద ఎవరికీ ఆశ పుట్టదనీ అందులోనే ఉంది. దుమ్ములో పడేసిన పేలికలు ఏరి కుట్టుకునే వ్రతం వేరే ఉంది, దాన్ని పాంసుకూలం అంటారు. ఈ కథ చదివాక, బస్సులో డెల్టా మీదుగా వెళుతూ నాట్లు పడ్డ చేలు చూస్తే నాకు కుట్టు వరసలే కనపడుతున్నాయి. గట్టు మందంగా ఎందుకుంటుందో ఆలోచించండి. పొలంలో గట్టు నీళ్ళను ఆపినట్టే గుడ్డలో అతుకు చిరుగును ఆపుతుంది.

వేరే రాష్ట్రాల్లో ఈ పనికి ఒక్కోచోట ఒక్కో పేరు. బెంగాల్లో కాంథా, మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది. బెంగాలీ ఆడవాళ్ళు కాంథాకు కావలసిన రంగుదారాన్ని కూడా పాతచీర అంచులోంచే పోగుపోగుగా లాగేవారు, దారం ఖర్చు కూడా లేకుండా. ఇక నేను ఆశ్చర్యపోయింది సిద్దీల బొంతను చూసి, దాన్ని కవంది అంటారు. సిద్దీలు ఆఫ్రికానుంచి వచ్చినవాళ్ళ సంతతి. మన హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా, నిజాం దగ్గర అశ్వదళంలో పనిచేసిన ఆఫ్రికన్ల వారసులు అక్కడ ఉంటారు. నేను చెప్పేది వాళ్ళ గురించి కాదు, కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో యల్లాపూర్, హళియాళ అడవుల పక్కన ఉన్న సిద్దీ స్త్రీల గురించి. వాళ్ళు ముక్కల్ని ముందు ఒకదానికొకటి అతికి తర్వాత పొరలు పరచరు. అడుగున చీర పరిచి, ఒక మూలనుంచి మొదలుపెట్టి, ముక్క పెట్టి అంచు మడవడం, పోగు వేయడం, ఇంకో ముక్క పెట్టడం, ఇలా చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. అతుకూ వరసా ఒకే కుట్టు. అంతా అయ్యాక నాలుగు మూలలా చిన్న గుడ్డను మడతమీద మడత పెట్టి, పువ్వులా కుడతారు. ఫూల అంటారు దాన్ని. అది లేని కవంది వాళ్ళ కంటికి బట్టలేని మనిషిలాంటిదట. వాడుకకు ఆ పువ్వుతో పనేమీ లేదు. అయినా అది లేకుండా ఒక్కటీ ఇల్లు దాటదు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో, నది మెలిక తిరిగినచోట, గీస్ బెండ్ అని ఒక పల్లె. ఒకప్పుడు బానిసలుగా ఉన్నవాళ్ళ సంతతి అక్కడి ఆడవాళ్ళు. పత్తిచేలల్లో అరిగిపోయిన మోకాళ్ళ ప్యాంట్లూ, చొక్కాలూ కోసి బొంతలు కుట్టారు. 2002లో వాటిని పెద్ద మ్యూజియంలు గోడలకు తగిలించి చూపించాయి, 2006లో అక్కడి తపాలా శాఖ బిళ్ళలు కూడా వేసింది. సంతోషం. అయితే ఫొటోల్లో ఆ గోడలు చూసినప్పుడు నాకొకటి అనిపించింది. గోడకు తగిలిస్తే పై పొర ఒక్కటే కదా కనపడేది. బొంతలో పై పొర పనిచేసేది తక్కువ.

మరి మనకు బొంత ఎందుకు పోయింది? రెండు కారణాలు నాకు తెలుసు. ఒకటి పాలిస్టరు. ఆ చీర చిరగదు, వెలవదు, ఇస్త్రీ అక్కర్లేదు, మంచిదే. కానీ అది మెత్తబడదు. నూలుచీర ఉతికిన కొద్దీ గంజి పోయి, పోగు సడలి, పదేళ్ళకు చెవితమ్మెలా అవుతుంది. పాలిస్టరు పదేళ్ళకు కూడా కొన్నరోజులాగే ఉంటుంది. చెమట పీల్చదు, పొరల మధ్య జారిపోతుంది. ముసలితనం రాని గుడ్డతో బొంత కుట్టలేం. రెండో కారణం స్టీలు సామాన్లు. "పాత చీరలకు స్టీలు గిన్నెలు" అంటూ నెత్తిన తట్ట పెట్టుకుని వచ్చే అమ్మాయి కేక విన్నాక ఏ ఇంట్లోనైనా పాతచీర పెట్టెలో ఉంటుందా? నాలుగు చీరలకు ఒక పాలగిన్నె. జరీ ఉంటే ఇంకో గ్లాసు. మా అమ్మ కూడా ఇచ్చింది. ఆ పాలగిన్నె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

ఇక నా సంచి సంగతికొస్తాను. ముక్కలతో బొంత కుట్టాలనుకునేవాళ్ళకు నేను తప్పులు చేసి నేర్చుకున్నవి నాలుగు మాటలు.

మొదటి తప్పు చాలా ఎర్రటిది. మా అక్క మనవరాలు పుట్టినప్పుడు, బారసాలకు ఇద్దామని తెల్లముక్కలూ ఎర్రముక్కలూ మార్చి మార్చి చదరంగపు బల్లలా కుట్టాను. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మొదటి ఉతుకు మా అక్కే ఉతికింది. సాయంత్రం ఫోను. "ఏమే, గులాబీరంగు బొంత కుడుతున్నానని ముందే చెప్పొచ్చు కదే!" ఎరుపు మొత్తం తెలుపులోకి దిగిపోయింది. ముక్కల్ని తడపకుండా కుట్టినందుకు శాస్తి. ఉప్పునీళ్ళలో వేస్తే రంగు నిలబడుతుందంటారు. తర్వాత నేను వేసి చూశాను, ఆ ఎరుపు నిలబడలేదు. ఇప్పుడు ముదురురంగు ముక్కల్ని విడిగా నానబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మార్చుతాను. నాలుగైదు నీళ్ళకు కూడా రంగు దిగితే ఆ ముక్క మెకానిక్కు కుర్రాడిదే. ఇలా తడపడంవల్ల ఇంకో లాభం ఉంది. నూలుగుడ్డ కుదించుకుపోయేదేదో కుట్టకముందే కుదించుకుపోతుంది. లేకపోతే ఒకముక్క ముడుచుకుని పక్కముక్క ఉబ్బి, బొంత అప్పడంలా లేస్తుంది.

రెండోది లెక్క. ఒక మనిషి పడుకునే బొంత 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు అనుకోండి. ముక్క కుట్టయ్యాక 5 అంగుళాల చదరం కావాలంటే అడ్డంగా 12, నిలువుగా 18. మొత్తం 216 ముక్కలు. కుట్టులోకి నాలుగువైపులా పావంగుళం పోతుంది కాబట్టి కోసేటప్పుడు ఐదున్నర అంగుళాలు కోయాలి. అట్టముక్క ఒకటి ఆ కొలతకు కోసి పెట్టుకుని, దాన్ని గుడ్డ మీద పడుగు వెంట తిన్నగా పెట్టి గీయండి. ఏటవాలుగా పెడితే ముక్క సాగుతుంది. జాకెట్టు ఒంటికి పట్టాలని మేం క్రాసులో కోస్తాం, ఆ సాగుడు అక్కడ మంచిదే. బొంతలో అదే సాగుడు మూలలు కలవనివ్వదు. ముందు వరసలు కుట్టుకుని, ఒక వరస మడతలన్నీ కుడివైపుకు, తర్వాతి వరసవి ఎడమవైపుకు ఇస్త్రీ చేయండి. రెండు వరసలూ కలిపేటప్పుడు మడతలు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని, నాలుగు మూలలూ ఒకేచోట కూచుంటాయి. అది కుదిరినప్పుడు వేలికి తెలుస్తుంది, కన్ను అక్కర్లేదు.

ఐదున్నర అంగుళాల చదరం అంటే నా కట్టుబాటు ప్రకారం తిరిగిచ్చేయాల్సిన ముక్కే. కాబట్టి చదరాలు నాకు దక్కేది తక్కువ. లైనింగు గుడ్డల్లో, సొంత చీరల్లో, ఇంట్లోవాళ్ళ చొక్కాల్లో తీస్తాను. నా సంచిలో ఉన్న నెలవంకలకూ చీలికలకూ వేరే పద్ధతి. పాతపంచెను చదరంగా కోసి అడుగుగుడ్డ చేసుకోవాలి. ఒక మూల ఒక ముక్కను మంచివైపు పైకి పెట్టండి. దాని మీద రెండో ముక్కను బోర్లా పెట్టండి, అంచులు కలిసేట్టు. కుట్టండి. రెండోదాన్ని విప్పి వెనక్కి తిప్పి గోటితో గీయండి. ఇప్పుడు మూడోదాన్ని దాని అంచున బోర్లించండి. ఇలా అడుగుగుడ్డ నిండేదాకా. వంకర ఉన్నచోట కుట్టు తిన్నగా వేసి అవతలిది కత్తిరించేయడమే. చివర్లో వెనక్కి తిప్పి అడుగుగుడ్డ అంచుల ప్రకారం చుట్టూ కోస్తే, ఎన్ని వంకరలున్నా చదరం చదరమే. ఒక్కో దాంట్లో పది పన్నెండు జాకెట్లు పడతాయి. ఈ పనికి కూచుంటే రాత్రి ఎంతైందో తెలియదు. మా ఆయన్ని అడగండి, చల్లారిన అన్నం సంగతి ఆయన చెబుతారు.

మూడోది, పొరలు కలిపే కుట్టు మిషను మీద వేయకండి. నేను వేశాను, విప్పాను. మిషను కింద ఉన్న పళ్ళు అడుగుపొరను ముందుకు లాగుతాయి, పైనున్న పాదం పైపొరను పట్టి ఆపుతుంది. ఒకటి రెండు పొరలైతే పరవాలేదు. నాలుగు పొరలూ తొంభై అంగుళాల పొడవూ అయ్యేసరికి వరస చివర పైగుడ్డ అంగుళంపైన మిగిలి ముద్దగా లేస్తుంది. ముక్కల్ని కలపడం వరకు మిషను, పొరల్ని కలపడం చెయ్యి. ముందు జానెడు జానెడు దూరంలో టాకాలు వేసుకుని, తర్వాత అంచునుంచి లోపలికి రండి, ఆ వాకిట్లో కూచున్న ఆడవాళ్ళలాగే.

నాలుగోది లోపలి పొర. సంచిలో ఉన్నదంతా కొత్తగుడ్డ. ఎంత తడిపినా అది ఒక్కరోజులో పాతదవదు. అందుకని అది పైకి. మధ్యలో ఒకటో రెండో బాగా కట్టిన నూలుచీరలు, అడుగున ఒంటికి తగిలేచోట పాత పంచె. ఇవి కొనుక్కోడానికి దొరకవు. దుకాణంలో కొత్తచీర కొని లోపల పరిచి కుట్టినవి కూడా చూశాను, ఒంటిమీద అట్టలాగా నిలబడతాయి. పై ముక్కల కోసం జనం ఊరంతా వెతుకుతారు. నేను వెతికేది లోపలి చీర కోసం.

పోయిన నెల ఒక బొంత పైపొర పూర్తిచేసి, దుకాణంలో తీగమీద ఆరేశాను. మా పాత ఖాతాదారు ఒకావిడ, బళ్ళో టీచరుగా చేసి రిటైరయ్యారు, జాకెట్టు కొలతకని వచ్చారు. నిలబడి చూస్తున్నారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. దగ్గరికి వెళ్ళి ఒక ముక్క మీద వేలు పెట్టారు.

"ఏమ్మా, ఇది నా జాకెట్టు గుడ్డ కదూ?"

నా గుండె ఆగినంత పనైంది. ఇన్నేళ్ళ కట్టుబాటూ ఆ క్షణాన ఎవరికి చెప్పుకోను? "అవునండీ టీచరుగారూ. మెడ దగ్గర తీసిన ముక్క. అరచేతికంటే చిన్నది, అందుకని..." అన్నాను.

ఆవిడ వినిపించుకోలేదు. ఇంకోటి వెతికారు. వంగపండు రంగుది, వాళ్ళ అమ్మాయి నిశ్చితార్థానిది. తర్వాత నారింజరంగు చీలిక, ఆవిడ రిటైరైన రోజు కట్టుకున్న చీర మీది జాకెట్టుది. ఆ జాకెట్టు ఇప్పుడు ఒంటికి పట్టడం లేదట. మొత్తం ఐదు తేలాయి. స్టూలు లాక్కుని కూచుని మిగతావి ఎవరివో నన్నడగడం మొదలుపెట్టారు. నాకు గుర్తున్నంతవరకు చెప్పాను. ఇది ఎదురింటి కోడలిది, ఇది పిండిమర ఆవిడది, ఇది పోయినేడు చనిపోయిన మామ్మగారిది. కొలతలు ఇవ్వడం మరిచిపోయి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే ఒక ప్లాస్టిక్ సంచి పట్టుకుని మళ్ళీ వచ్చారు. లోపల ఒక వెంకటగిరి నూలుచీర. ఒకప్పుడు నీలం అయ్యుంటుంది, ఇప్పుడు వర్షం వెలిసిన ఆకాశం రంగులో ఉంది. నడుం దగ్గర వెలుతురు అవతలికి కనపడుతోంది. వాళ్ళ అమ్మగారిదట.

"గిన్నెలావిడకు ఇవ్వబుద్ధి కాలేదు. నీ బొంతలో లోపల వెయ్యి" అన్నారు.

"లోపల వేస్తే ఇక కనపడదండీ" అన్నాను.

"తెలుసు" అన్నారు.

నిన్నరాత్రి ఆ చీర పరిచి, నాలుగు మూలలా నాలుగు పీటలు పెట్టాను. టాకాలు అయ్యాయి. అంచు వరస ఒకవైపు పూర్తయింది, ఇంకా మూడువైపులు ఉన్నాయి.